కంచెల పందెంలో ఫేవరెట్ ఎందుకు ఓడుతుంది? చాంపియన్‌షిప్ స్టీపుల్‌ఛేజ్‌లో గుర్రాలను అంచనా వేసే తీరు

ఇంగ్లండ్‌లోని చెల్టెన్‌హామ్ రేసుకోర్సులో 2025 మార్చి 11 నుంచి 14 వరకు జరిగిన వార్షిక పందేలు గుర్రప్పందేల పండితులకు గడ్డు పరీక్షగా మారాయి. ఆ నాలుగు రోజుల్లో రోజుకొకటి చొప్పున నాలుగు ప్రధాన చాంపియన్‌షిప్ పందేలు ఉంటాయి. నాలుగింటిలో ఏ ఒక్కదానిలోనూ ఫేవరెట్ గెలవలేదు. మొదటి రోజు చాంపియన్ హర్డిల్‌లో తిరుగులేనిదని పేరుపడ్డ కాన్‌స్టిట్యూషన్ హిల్ మధ్యలోనే పడిపోయింది. ఆ తరువాత ముందంజలోకి వచ్చిన స్టేట్ మ్యాన్ చివరి హర్డిల్ దగ్గర కూలింది. 25/1 ధర పలికిన గోల్డెన్ ఏస్ విజేతగా నిలిచింది. చివరి రోజు గోల్డ్ కప్‌లో, అంతకుముందు రెండేళ్లూ అదే పందెం గెలిచిన గాలోపాన్ దే షాం రెండో స్థానంతో సరిపెట్టుకుంది.

అంటే నిపుణుల అంచనాలన్నీ తప్పేనా? పరిశీలిస్తే అలా కనిపించదు. ఏ గుర్రం గొప్పదన్న విషయంలో వారు పొరబడలేదు. గొప్ప గుర్రాన్ని గుర్తించడం ఒక పని, ఆ గొప్పతనం ఒకానొక మధ్యాహ్నం, ఒకానొక నేలమీద, ఇరవైకి పైగా కంచెలు దాటే వరకు నిలుస్తుందా అని తేల్చడం వేరొక పని. చాంపియన్‌షిప్ స్టీపుల్‌ఛేజ్‌ను అంచనా వేయడమంటే ప్రధానంగా ఆ రెండో పనే.

మలక్‌పేటలో లేని కంచెలు

తెలుగు పాఠకులకు గుర్రప్పందెం అనగానే గుర్తొచ్చేది హైదరాబాద్‌లోని మలక్‌పేట. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ కాలంలో, 1886లో, పందేలు మౌలాలి నుంచి అక్కడికి మారాయి. ఏటా అక్టోబర్ 2న జరిగే దక్కన్ డెర్బీ ఆ రేసుకోర్సుకు పేరు తెచ్చిన పందెం. దూరం 2,000 మీటర్లు, పాల్గొనేవి మూడేళ్ల గుర్రాలు, దారిలో అడ్డంకులేవీ ఉండవు. బ్రిటిష్ కాలంలో కోల్‌కతాలోని టాలీగంజ్‌లో కంచెల పందేలు జరిగేవి గాని, ఇప్పుడు మన దేశపు రేసుకోర్సుల్లో నడిచేవి ఇలాంటి సమతల పందేలే.

స్టీపుల్‌ఛేజ్ పుట్టుక ఐర్లండ్‌లో. 1752లో కార్క్ ప్రాంతంలో ఇద్దరు పెద్దమనుషులు బట్టెవంట్ చర్చి నుంచి డోనరైల్ చర్చి వరకు గుర్రాలపై పోటీ పడ్డారని చెబుతారు. దూరం దాదాపు నాలుగున్నర మైళ్లు. అడ్డొచ్చిన కంచెలు, గోడలు, కాలువలు దూకుతూ వెళ్లాలి. గమ్యానికి గుర్తు దూరాన కనిపించే చర్చి శిఖరమే. ఇంగ్లిషులో ఆ శిఖరాన్ని స్టీపుల్ అంటారు, పందెానికి ఆ పేరే స్థిరపడింది. నేటి రేసుకోర్సులో కంచెలను కొమ్మలు, రెమ్మలతో ఒత్తుగా కట్టి నిలబెడతారు. బ్రిటన్‌లో వాటి కనీస ఎత్తు నాలుగున్నర అడుగులు. హర్డిల్ పందేల్లో ఉండేవి మూడున్నర అడుగుల తేలికపాటి తడికలు, వాటిని తగిలినా గుర్రం చాలాసార్లు సాగిపోతుంది. కంచె అలా క్షమించదు.

దక్కన్ డెర్బీ వంటి పందేనికీ, చెల్టెన్‌హామ్ గోల్డ్ కప్‌కూ అంచనాలో మౌలికమైన తేడా ఇక్కడే మొదలవుతుంది. డెర్బీలో దిగే మూడేళ్ల గుర్రాల్లో చాలావాటికి అంత దూరం కొత్త. అవి అంతవరకు పరిగెత్తిన పందేలు తక్కువ కాబట్టి నిపుణులు వంశావళిని చూస్తారు. తండ్రి దూరాలు పరిగెత్తినదా, తల్లి వైపు వేగం ఉందా, ఓపిక ఉందా అని లెక్కలు వేస్తారు. స్టీపుల్‌ఛేజ్ గుర్రాల సంగతి అలా కాదు. వాటిలో అత్యధికం విత్తులు తీసినవి. సంతానోత్పత్తికి పనికిరావు కనుక వాటికి తొందరగా విశ్రాంతి ఇచ్చే అవసరం యజమానికి ఉండదు. అవి ఏడు, ఎనిమిది, తొమ్మిదేళ్ల వయసులో శిఖరానికి చేరతాయి, ఏటేటా తిరిగి వస్తాయి. ప్రేక్షకులు వాటిని ఇంటి మనుషుల్లా గుర్తుపెట్టుకోవడానికి కారణం అదే. అంచనా వేసేవారికి దీనివల్ల కలిగే లాభం, మూడు నాలుగు సీజన్ల సాక్ష్యం చేతిలో ఉండటం.

సాక్ష్యం అన్న మాటకు మన దగ్గర పూర్వం వేరే అర్థం ఉండేది. విజయనగర కాలానికి చెందిన మనుమంచి భట్టు ‘హయలక్షణ విలాసము’ అనే కావ్యాన్ని ప్రత్యేకంగా గుర్రాల లక్షణాల మీదే తెలుగులో రాశాడు. శరీర లక్షణాలను బట్టి గుర్రం మంచిచెడ్డలు నిర్ణయించే శాస్త్రం అది. నేటి పందేల నిపుణుడు కూడా పరుగుకు ముందు గుర్రాలను నడిపించే ఆవరణ దగ్గర నిలబడి కండ పట్టునూ, చర్మపు నిగారింపునూ, అనవసరంగా చెమటలు పడుతున్నాయా అన్నదీ చూస్తాడు. అయితే అది చివరి తనిఖీ మాత్రమే. అసలు నిర్ణయం అంతకు ఎంతో ముందే, కాగితం మీద జరుగుతుంది.

సమాన బరువు అంటే

కాగితం మీద మొదట చూడవలసినది బరువు. పందేల్లో అధిక సంఖ్యాకం హ్యాండీక్యాప్ పందేలు. మలక్‌పేటలోనూ అంతే. ప్రతి గుర్రానికీ దాని గత ప్రదర్శనను బట్టి అధికారులు ఒక రేటింగ్ ఇస్తారు. రేటింగ్ ఎక్కువైన గుర్రం ఎక్కువ బరువు మోయాలి. బ్రిటన్‌లో ఒక పాయింటు తేడాకు ఒక పౌండు చొప్పున లెక్క. సిద్ధాంతరీత్యా గుర్రాలన్నీ ఒకేసారి గమ్యం చేరాలన్నదే ఆ ఏర్పాటు ఉద్దేశం. లివర్‌పూల్ దగ్గర ఎయిన్‌ట్రీలో జరిగే ప్రఖ్యాత గ్రాండ్ నేషనల్ కూడా హ్యాండీక్యాపే. అక్కడ అడగవలసిన ప్రశ్న ‘ఏది గొప్ప గుర్రం’ అని కాదు, ‘దేని శక్తిని అధికారులు తక్కువగా లెక్కగట్టారు’ అని.

చాంపియన్‌షిప్ పందెంలో ఈ సర్దుబాటు ఉండదు. గోల్డ్ కప్‌లో ఆరేళ్లు, అంతకు పైబడిన గుర్రాలన్నీ 11 స్టోన్ల 10 పౌండ్లు, అంటే 74 కిలోలకు కొంచెం పైగా మోస్తాయి. ఆడ గుర్రాలకు మాత్రం ఏడు పౌండ్ల మినహాయింపు. అంటే గొప్పదానికి గొప్పతనపు శిక్ష పడదు. ఆ తేడా ఎంత పెద్దదో ఆర్కిల్ అనే ఐర్లండ్ గుర్రం చరిత్ర చెబుతుంది. 1964 నుంచి 1966 వరకు వరుసగా మూడు గోల్డ్ కప్‌లు గెలిచిన ఆర్కిల్ మిగతావాటికంటే ఎంత మెరుగైనదంటే, దానికోసం ఐర్లండ్‌లో అధికారులు రెండు బరువుల జాబితాలు తయారు చేయవలసి వచ్చింది. ఆర్కిల్ బరిలో ఉంటే ఒకటి, లేకపోతే మరొకటి. టైమ్‌ఫామ్ అనే రేటింగ్ సంస్థ దానికి ఇచ్చిన 212ను కంచెల గుర్రాల్లో ఇప్పటివరకు ఏదీ దాటలేదు. ఈ శతాబ్దపు మేటిగా చాలామంది భావించే కౌటో స్టార్‌కు ఆ సంస్థ ఇచ్చిన రేటింగ్ 191.

సమాన బరువుల వల్ల చాంపియన్‌షిప్ పందెం తేలికగా తేలిపోవాలి కదా అనిపిస్తుంది. మార్కెట్ కూడా అలాగే అనుకుంటుంది. అందుకే ఫేవరెట్ ధర బాగా పడిపోతుంది. 2025 గోల్డ్ కప్‌లో గాలోపాన్ దే షాం ధర 8/13. పదమూడు పౌండ్లు ఒడ్డితే లాభం ఎనిమిదే.

నాలుగో స్థానంలో దాగిన సమాచారం

ఆ గుర్రాన్ని ఎందుకంతగా నమ్మారు? 2024 నవంబర్‌లో డబ్లిన్‌కు దగ్గర్లోని పంచెస్‌టౌన్‌లో జరిగిన జాన్ డర్కన్ పందెంలో అది ఓడింది. తరువాత డిసెంబర్ చివర లెపర్డ్‌స్టౌన్‌లో సావిల్స్ ఛేజ్ గెలిచింది. 2025 ఫిబ్రవరి 1న అక్కడే ఐరిష్ గోల్డ్ కప్‌ను వరుసగా మూడోసారి సొంతం చేసుకుంది. శిక్షకుడు విల్లీ మలిన్స్, జాకీ పాల్ టౌనెండ్, ఇద్దరూ ఆ రంగంలో అగ్రగణ్యులు. కాగితం మీద దాన్ని మించినది లేదు.

ఐరిష్ గోల్డ్ కప్ ఫలితాల పట్టికలో నాలుగో స్థానంలో ఐనోదవేయోర్‌థింకిన్ అనే ఏడేళ్ల గుర్రం ఉంది. ‘నీ ఆలోచన నాకు తెలుసు’ అని ఆ పేరుకు అర్థం, అలాంటి పేరు పెట్టుకుని అంచనాలను తారుమారు చేయడం వింతే. ఆ సీజన్‌లో అప్పటివరకు దానికి ఒక్క విజయం లేదు. పైపైన చూసినవారు అంతటితో వదిలేశారు. అయితే ఆ నాలుగో స్థానాన్ని జాగ్రత్తగా చదివినవారికి వేరే సంగతులు కనిపించాయి. ఆ పందెం దూరం మూడు మైళ్లు, చివర్లో ఈ గుర్రం వెనకబడుతూ కాదు, దగ్గరవుతూ ముగించింది. గోల్డ్ కప్ మూడు మైళ్ల రెండు ఫర్లాంగులకు పైబడినది. ఇదే గుర్రం 2024 మార్చిలో చెల్టెన్‌హామ్‌లోనే కిమ్ మ్యూర్ అనే హ్యాండీక్యాప్‌ను, తరువాతి నెలలో ఎయిన్‌ట్రీలో కొత్త గుర్రాలకు నిర్వహించే ఉన్నత స్థాయి పందేన్నీ గెలిచింది. వసంతం వచ్చేసరికి, దూరం పెరిగేసరికి మెరుగుపడే గుర్రం అన్నమాట.

ఇంకొక సూచన యజమాని జేబు నుంచి వచ్చింది. మొదట ఈ గుర్రం గోల్డ్ కప్ ఎంట్రీల్లో లేదు. పందేనికి కొద్ది రోజుల ముందు అదనంగా 25,000 పౌండ్లు చెల్లించి దాన్ని బరిలో చేర్చారు. యజమాని జె.పి. మెక్‌మానస్‌కు చెందిన మరో మేటి గుర్రం ఫ్యాక్ట్ టు ఫైల్‌ను తక్కువ దూరపు రయనైర్ ఛేజ్‌కు మళ్లించారు, అది అక్కడ గెలిచింది కూడా. పందెం కాసేవారు చెప్పే మాటలకంటే గుర్రం యజమానులు, శిక్షకులు తీసుకునే ఇటువంటి నిర్ణయాలకు ఎక్కువ విలువ ఇవ్వాలని నా అభిప్రాయం. వారు రోజూ దాన్ని చూస్తున్నారు, సొంత డబ్బు పెడుతున్నారు.

మార్చి 14న గాలోపాన్ దే షాం కంచెల దగ్గర అలవాటైన సాఫీతనం చూపలేకపోయింది. మార్క్ వాల్ష్ స్వారీ చేసిన ఐనోదవేయోర్‌థింకిన్ ఆఖరి దశలో దాన్ని దాటి, ఆరు లెంగ్త్‌ల తేడాతో గెలిచింది. ధర 15/2.

ఇక్కడ చరిత్రను కూడా సాక్ష్యంగా తీసుకోవచ్చు. గోల్డ్ కప్ 1924లో కంచెల పందెంగా మొదలైంది. మూడు లేదా అంతకంటే ఎక్కువసార్లు గెలిచిన గుర్రాలు నాలుగే. 1932 నుంచి అయిదుసార్లు వరుసగా గెలిచిన గోల్డెన్ మిల్లర్, 1948-50 మధ్య కాటేజ్ రేక్, తరువాత ఆర్కిల్, 2002-04 మధ్య బెస్ట్ మేట్. 2019, 2020లలో గెలిచిన అల్ బూమ్ ఫోటో 2021లో మూడో స్థానానికి పడిపోయింది. మూడో ఏడు ఎందుకంత కష్టం? అయిదు వేల మీటర్లకు పైగా పరుగు, 22 కంచెలు, ఆఖరున ఎక్కుడు, ఇవన్నీ గుర్రం నుంచి ఏటా కొంత తీసుకుంటాయి. ఈలోగా కింద నుంచి కొత్తతరం వస్తూ ఉంటుంది. 1969లో వాట్ ఎ మిత్ పన్నెండేళ్ల వయసులో గెలిచిన తరువాత పదేళ్లు దాటిన గుర్రమేదీ ఈ పందెం గెలవలేదు. వయసు మీరిన చాంపియన్‌పై అభిమానం వేరు, అంచనా వేరు.

నేల, ఎక్కుడు

బ్రిటన్, ఐర్లండ్‌లలో కంచెల పందేల ప్రధాన సీజన్ చలికాలం. వానలకు నేల ఎంత మెత్తబడితే పరుగు అంత భారమవుతుంది. గట్టి నేలపై తేలిగ్గా ఎగిరే గుర్రం బురదలో నాలుగో మైలుకు రాకముందే అలసిపోవచ్చు. అందుకే నేల స్థితిని నిర్వాహకులు ముందుగా ప్రకటిస్తారు, రాత్రి కురిసిన వానతో ధరలన్నీ మారిపోతాయి. చెల్టెన్‌హామ్‌లో గుర్రాలు ఎడమవైపు తిరుగుతూ పరిగెత్తుతాయి. చివరి కంచె దాటిన తరువాత రెండు వందల గజాలకు పైగా ఎత్తు ఎక్కాలి. చివరి కంచె దగ్గర ముందున్న గుర్రం అక్కడ అడుగులు తడబడి ఓడిపోవడం ప్రేక్షకులకు పరిచితమైన దృశ్యమే.

ఈ లెక్కలను బద్దలుకొట్టిన గుర్రాలూ ఉన్నాయి. డెజర్ట్ ఆర్కిడ్ అనే బూడిద రంగు గుర్రానికి ఎడమ మలుపులు నచ్చవని, బురద నేల పడదని అందరూ నమ్మేవారు. 1989లో వాన, మంచు కలిసి నేలను చిత్తడి చేసిన రోజున అది గోల్డ్ కప్ గెలిచింది. మరుసటి ఏడు, 1990లో, నార్టన్స్ కాయిన్ 100/1 ధరకు గెలిచింది. ఇటువంటి ఉదాహరణలు చూపి నేల లెక్క వృథా అని వాదించేవారు ఉన్నారు. ఆ వాదన సరికాదు. అసాధారణమైనవి గనకే అవి ముప్పై అయిదేళ్ల తరువాత కూడా అందరికీ గుర్తున్నాయి.

కంచె దగ్గర

ఎంత చదివినా మిగిలే అనిశ్చితి కంచె. 2025లో రెండు మైళ్ల చాంపియన్ ఛేజ్‌కు ఫేవరెట్ జాన్‌బాన్. మధ్యలో ఒక కంచె దగ్గర అది దాదాపు నిలిచిపోయినంత పెద్ద పొరబాటు చేసింది. రెండు మైళ్ల పందెం మూడు మైళ్లది కాదు, వేగం తగ్గితే మళ్లీ అందుకునే వ్యవధి ఉండదు. చివరి కంచె దగ్గర మెరైన్ నేషనేల్, క్విలిక్సియోస్ పక్కపక్కనే ఉండగా క్విలిక్సియోస్ పడిపోయింది. మెరైన్ నేషనేల్ 18 లెంగ్త్‌ల తేడాతో గెలిచింది. అంత పెద్ద దెబ్బ తిన్న జాన్‌బాన్ రెండో స్థానానికి చేరిందంటే దాని సత్తా ఏపాటిదో తెలుస్తుంది.

మెరైన్ నేషనేల్ విజయం ఆ వారంలో అన్నింటికంటే బరువైనది. 2023లో అదే గుర్రంపై చెల్టెన్‌హామ్‌లో సుప్రీమ్ నోవిసెస్ హర్డిల్ గెలిచిన యువ జాకీ మైకేల్ ఓసలివన్ 2025 ఫిబ్రవరిలో ఐర్లండ్‌లోని థర్లెస్ రేసుకోర్సులో గుర్రం మీద నుంచి పడి తీవ్రంగా గాయపడ్డాడు. పది రోజుల తరువాత కన్నుమూశాడు. వయసు 24. మార్చి 12న ఆ గుర్రంపై స్వారీ చేసినవాడు షాన్ ఫ్లనాగన్. గమ్యం దాటాక స్టాండ్లలోని వేలమంది ఎవరిని తలచుకుని లేచి నిలబడ్డారో చెప్పనక్కరలేదు.

గుర్రాల ప్రాణాలూ ఇక్కడ పణంగా ఉంటాయి. 2012 గోల్డ్ కప్ గెలిచిన సింక్రనైజ్డ్ ఒక నెల తరువాత గ్రాండ్ నేషనల్‌లో గాయపడి మరణించింది. ప్రజల నుంచి వచ్చిన విమర్శల నేపథ్యంలో గ్రాండ్ నేషనల్ కంచెలను పలుమార్లు మార్చారు, 2024 నుంచి గుర్రాల సంఖ్యను 40 నుంచి 34కు తగ్గించారు. ఈ దృష్టితో చూస్తే ‘ఇది కంచెలను శుభ్రంగా దాటుతుందా’ అన్న ప్రశ్న పందెం కాసేవారి ప్రశ్న మాత్రమే కాదు. శిక్షకుడు, యజమాని తమకు తాము వేసుకోవలసిన మొదటి ప్రశ్న. 2025 గోల్డ్ కప్ విజేతకు గ్రాండ్ నేషనల్‌లో బరువు అంతకుముందే ఖరారైంది కాబట్టి, కొత్త రేటింగ్‌తో పోలిస్తే ఎంతో తేలికైన బరువుతో దిగే అవకాశం దక్కింది. పందెం కాసేవారి దృష్టిలో అది బంగారు అవకాశం. అయినా దాన్ని బరి నుంచి తప్పించారు.

ధర ఏమి చెబుతుంది

8/13 అనే ధరను శాతంలోకి మార్చితే గెలుపు అవకాశం సుమారు 62 శాతం. బుకీ తన వాటాను ఆ ధరలో ముందే కలుపుకుంటాడు కాబట్టి అసలు అవకాశం అంతకంటే తక్కువే. అంటే ఆ రోజు మార్కెట్ కూడా గాలోపాన్ దే షాం ఓడే అవకాశాన్ని కనీసం 38 శాతంగా లెక్కగట్టింది. మూడుసార్లలో ఒకసారికి మించి జరిగేదాన్ని సంచలనం అనడం పత్రికల అలవాటు తప్ప లెక్కలు చెప్పే మాట కాదు. మొత్తం మీద పందేల్లో ఫేవరెట్లు గెలిచేది సుమారు మూడింట ఒక వంతే.

మన దేశంలో ఈ చర్చకు చట్టపరమైన కోణం కూడా ఉంది. 1996 జనవరిలో కె.ఆర్. లక్ష్మణన్ కేసులో సుప్రీంకోర్టు గుర్రప్పందెం ప్రధానంగా నైపుణ్యంపై ఆధారపడిన క్రీడ అని తీర్పు చెప్పింది. గుర్రం వంశం, శిక్షణ, జాకీ సామర్థ్యం, గత ప్రదర్శన వంటివాటిని తూచి నిర్ణయించడం అదృష్టం కాదన్నది దాని సారం. రేసుకోర్సులు నేటికీ నిలిచింది ఆ తీర్పు పునాదిపైనే. పన్ను విషయానికొస్తే మాత్రం గుర్రప్పందెం క్యాసినోలు, లాటరీల వరుసలోనే ఉంది. 2025 సెప్టెంబర్ 22 నుంచి జీఎస్టీ రేటు 28 శాతం నుంచి 40 శాతానికి పెరిగింది. పన్ను పడేది లాభంపై కాదు, పందెం మొత్తంపై. వంద రూపాయల పందేనికి నలభై రూపాయల పన్ను అన్నమాట. పైన చెప్పిన సాక్ష్యాలన్నీ తూచి మార్కెట్ కంటే అయిదారు శాతం మెరుగ్గా అంచనా వేయగలిగినవాడిని ఎవరైనా మహా నిపుణుడు అంటారు. ఆ మెరుగు నలభై శాతం పన్ను ముందు నిలవదు. తీర్పులో చెప్పిన నైపుణ్యం నిజమే కావచ్చు, దానితో డబ్బు సంపాదించవచ్చన్నది మాత్రం దాని నుంచి రాదు.

గోల్డ్ కప్ జరిగిన ఏడు వారాలకు, 2025 ఏప్రిల్ 30న, ఐర్లండ్‌లో పంచెస్‌టౌన్ గోల్డ్ కప్ జరిగింది. అంతకుముందు రెండేళ్లూ ఆ పందెంలో ఓడిన గాలోపాన్ దే షాం మళ్లీ బరిలోకి దిగింది. ఈసారి 22 లెంగ్త్‌ల తేడాతో గెలిచింది.